సముద్రం కనిపించే ఫ్లాట్ కావాలన్న మా మేనల్లుడికి

మొన్న రాత్రి మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, మావయ్యా మీ లాసన్స్ బే కాలనీలో సముద్రం కనిపించేలా త్రీ బెడ్‌రూమ్ ఏదైనా అమ్మకానికొస్తే చెప్పు, ఈ కొండాపూర్ ట్రాఫిక్‌తో చచ్చిపోతున్నాం, ఇద్దరికీ ఎలాగూ వర్క్ ఫ్రమ్ హోమే, వైజాగ్ వచ్చేసి హాయిగా బతుకుదాం అనుకుంటున్నాం అన్నాడు. చూద్దాంలేరా అని పెట్టేశాను గానీ వాణ్ణి రమ్మనాలో వద్దనాలో నాకే తేలలేదు. ఇరవై ఏళ్ళు దాటింది మేమిక్కడికొచ్చి. వాడు అడిగింది ఫ్లాట్ గురించి. నాకేమో చెప్పడం మొదలుపెడితే ఇసక గురించి, ఉప్పు గురించి, 1991లో ఢిల్లీలో వచ్చిన ఒక నోటిఫికేషన్ గురించి, మా పక్కనున్న జాలరిపేట గురించి చెప్పాలి, అవన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి, ఫోన్లో అయ్యే పని కాదు. అందుకే ఇలా రాస్తున్నా, సముద్రం పక్కన ఇల్లు అనుకునేవాళ్ళు ఇంకెవరైనా ఉంటే వాళ్ళకీ పనికొస్తుందని.

ముందు ఈ ప్రశాంతత ఎక్కడిదో చూద్దాం. వైజాగ్ మ్యాప్ ఒకసారి తీసి చూడండి, దక్షిణాన యారాడ కొండలు వచ్చి డాల్ఫిన్స్ నోస్ దగ్గర సముద్రంలోకి ముక్కు పెట్టి ఆగిపోతాయి, ఉత్తరాన సింహాచలం కొండల వరస, దాని తోకలాగా సముద్రం ఒడ్డున కైలాసగిరి. మధ్యలో గిన్నెలో పోసినట్టు ఊరు. పోర్టు, రిఫైనరీ, స్టీల్ ప్లాంటు, గాజువాక, లారీలు, పొగ, దుమ్ము అంతా దక్షిణం వైపు, పడమర వైపు. మేముండేది దానికి ఎదురు మూల. మాకు తూర్పున సముద్రం, ఉత్తరాన కొండ, కాబట్టి ఇంకో చోటికి వెళ్ళడానికి మా కాలనీలోంచి వెళ్ళాల్సిన అవసరం ఎవరికీ లేదు. భీమిలి వైపు బీచ్ రోడ్డు ఉంది గానీ అది షికార్లకి పోయే రోడ్డు, సరుకు బండ్లన్నీ హైవే మీదే పోతాయి. కూరగాయలూ ట్యూషన్లూ హాస్పిటళ్ళూ పక్కనున్న ఎంవీపీ కాలనీలో దొరికేస్తాయి (అసలు పేరు మువ్వలవానిపాలెం, కుర్రాళ్ళకి చెప్తే నమ్మరు, ఎవరో వీఐపీ పేరు అనుకుంటారు), ఆ రష్ అంతా అదే మోస్తుంది, మేం నడుచుకుంటూ వెళ్ళి రైతు బజార్లో కొనుక్కుని మళ్ళీ నిశ్శబ్దంలోకి వచ్చేస్తాం.

పాతకాలంలో డబ్బున్నవాళ్ళెవరూ ఒడ్డున ఉండాలనుకోలేదు, అది కూడా గుర్తుపెట్టుకోవాలి. దొరలూ జమీందార్లూ యూనివర్సిటీ పెద్దలూ వాల్తేరు అప్‌ల్యాండ్స్ మీద, కొంచెం ఎత్తున, గాలి తగిలేలా ఇళ్ళు కట్టుకున్నారు. ఒడ్డు జాలర్లది. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్ళు వైజాగ్ మీద బాంబులేస్తే జనం ఊరొదిలి పల్లెలకి పారిపోయారు, అప్పట్లో సముద్రానికి ఎదురుగా ఇల్లుంది అంటే గొప్ప అనుకోవడం కాదు, జాలిపడేవాళ్ళేమో. సీ వ్యూ అనే మాటకి రేటు కట్టడం మా తరంలో మొదలైంది.

సరే, ఇసక దగ్గరికొద్దాం. నేను చెప్పాలనుకున్న అసలు విషయం ఇదే, మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

మన ఆర్కే బీచ్‌లో మీరు కూర్చుని మొక్కజొన్న పొత్తు తినే ఇసకలో చాలా భాగం దానంతట అది వచ్చింది కాదు. ఓడలో తెచ్చి పోసింది. అర్థం కావాలంటే అల ఎలా పనిచేస్తుందో చూడాలి. అల ఒడ్డుకి సూటిగా రాదు, కొంచెం ఏటవాలుగా వస్తుంది, వచ్చేటప్పుడు ఇసకని ఒక పక్కకి తోస్తూ పైకి తెస్తుంది, వెనక్కి మాత్రం పల్లానికి నిటారుగా జారిపోతుంది. వాకిలి ఊడ్చేటప్పుడు చీపురు ఒకే వైపుకి కొడితే చెత్త ఎలా పక్కకి పక్కకి జరుగుతుందో ఇదీ అంతే, రోజంతా ఏడాదంతా. మన కోస్తాలో ఇంచుమించు మార్చి నుంచి అక్టోబర్ దాకా నైరుతి వైపు నుంచొచ్చే అలలు ఇసకని ఉత్తరానికి ఊడుస్తాయి, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్యం అలలు కొంత దక్షిణానికి వెనక్కి తెస్తాయి, కానీ వెళ్ళేది ఎక్కువ వచ్చేది తక్కువ, కాబట్టి మొత్తం లెక్క చూస్తే ఇసక ఎప్పుడూ ఉత్తరానికి నడుస్తూనే ఉంటుంది. అంటే బీచ్ అనేది ఒక స్థలం అనుకుంటాం గానీ అది నిజానికి రైలు లాంటిది, ఇక్కడి ఇసక ముందుకి పోతూ ఉంటుంది, వెనక నుంచి కొత్తది రావాలి.

ఆ వెనక నుంచి రావాల్సిన దారికి అడ్డంగా పోర్టు ఉంది. 1933లో హార్బర్ మొదలైనప్పుడే ఈ ఇసక గొడవ ఇంజినీర్లకి తెలుసు, ఇసక వచ్చి ఓడల దారి పూడ్చేయకుండా ఆ రోజుల్లోనే డాల్ఫిన్స్ నోస్ దగ్గర రెండు పాత ఓడల్ని కావాలనే ముంచి అడ్డం పెట్టారు. తర్వాత 1970ల్లో ఔటర్ హార్బర్ కట్టారు, పెద్ద రాళ్ళ గోడలు సముద్రంలోకి పొడుచుకొచ్చాయి. దక్షిణం నుంచి నడిచొచ్చే ఇసక ఆ గోడల దగ్గర ఆగిపోతుంది, ఇవతల మన వైపు ఉన్నది మాత్రం ఆగకుండా ఉత్తరానికి పోతూనే ఉంటుంది. జమ లేదు, ఖర్చు మాత్రం ఉంది. అందుకని పోర్టు వాళ్ళు ఆ ఇసక పడే చోట ఒక గుంత ఉంచి, ఏటా సముద్రం అడుగు తోడే ఓడ, అంటే డ్రెడ్జర్‌తో లక్షల క్యూబిక్ మీటర్ల లెక్కన తోడి, పైపులతో ఇవతలి బీచ్‌లో పోస్తారు. డ్రెడ్జింగ్ కార్పొరేషన్ హెడ్ ఆఫీసు వైజాగ్‌లోనే ఉందని చాలామందికి తెలీదు. కోస్టల్ బ్యాటరీ వైపు వాకింగ్‌కి వెళ్ళినప్పుడు ఎప్పుడైనా ఒడ్డు దగ్గరగా ఒక ఓడ నిలబడి నల్లటి బురద నీళ్ళు చిమ్ముతుంటే, ఛీ ఏదో చెత్త వదులుతున్నారు అనుకోకండి, అది మన బీచ్‌కి సెలైన్ ఎక్కించడం. ఏ ఏడాదైనా అది ఆలస్యమైనా తక్కువ పోసినా తేడా ఇట్టే తెలిసిపోతుంది, ఒడ్డు మెట్టులా కోసుకుపోతుంది, కొబ్బరి చెట్ల వేళ్ళు బయటికొస్తాయి.

2021 డిసెంబర్ మొదట్లో జవాద్ తుఫాను మనల్ని తాకకుండానే పక్కనుంచి వెళ్ళింది, అయినా ఆర్కే బీచ్ దగ్గర చిల్డ్రన్స్ పార్క్ గోడ కూలి నేల బీటలిచ్చి కుంగిపోయింది. తాకని తుఫానుకే అలా అయిందంటే కారణం ఒక్క తుఫానే అయ్యుండదు కదా. ముందున్న ఇసక పరుపు పల్చబడిపోతే అల నేరుగా గోడకి కొడుతుంది. ఇంకోటి, మన బంగాళాఖాతంలో నీటి మట్టం ఏడాదంతా ఒకేలా ఉండదు, మన తీరంలో అక్టోబర్ నవంబర్‌లో ఎక్కువ, మార్చి ప్రాంతంలో తక్కువ. తుఫాన్ల సీజన్ కూడా సరిగ్గా అప్పుడే. దానికి అమావాస్య పోటో పౌర్ణమి పోటో కలిసిందంటే చెప్పక్కర్లేదు.

మరి గోడ కట్టేయొచ్చుగా అంటాడు మా వాడు, సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అన్నిటికీ ఒక ఫిక్స్ ఉంటుంది. గోడ కడితే రోడ్డు నిలుస్తుంది, బీచ్ పోతుంది. ఇసక మీద పడ్డ అల పాకి పాకి అలిసిపోతుంది, గోడకి కొట్టిన అల అదే జోరుతో వెనక్కి తిరిగి గోడ కాళ్ళ కింద ఇసకని లాక్కుపోతుంది. రాళ్ళు అడ్డంగా పేర్చి సముద్రంలోకి కట్టలు కడితే కట్టకి దక్షిణాన ఇసక నిలుస్తుంది, ఉత్తరాన ఉన్నవాళ్ళది కొట్టుకుపోతుంది. అంటే ఆర్కే బీచ్‌ని కాపాడి మా లాసన్స్ బే మీదకి తోసినట్టు. మాది చిన్న వంపు, అవతల తెన్నేటి పార్క్ దగ్గర రాళ్ళ గుట్టలు సముద్రంలోకి ఉన్నాయి కాబట్టి మా ఇసకకి కొంచెం చాటు దొరుకుతుంది, అంతమాత్రాన మాకు శాశ్వత పట్టా ఏమీ లేదు.

ఆ తెన్నేటి పార్క్ రాళ్ళ దగ్గరే 2020 అక్టోబర్‌లో బంగ్లాదేశ్ ఓడ ఒకటి, పేరు ఎంవీ మా, రాత్రికి రాత్రి వాయుగుండం గాలికి కొట్టుకొచ్చి ఇరుక్కుపోయింది. లంగరేసిన అంత పెద్ద ఓడ కాగితం పడవలా వచ్చింది. కరోనా రోజులైనా ఊరంతా సెల్ఫీల కోసం మా మీద పడింది, ఆ కొన్ని నెలలు మాది ప్రశాంతమైన కాలనీ అని ఎవరైనా అంటే నవ్వొచ్చేది.

ఇప్పుడు ఉప్పు. ఇది డైరెక్టుగా జేబుకి తగిలే విషయం కాబట్టి కొంచెం వివరంగానే చెప్తా.

అల విరిగినప్పుడు నురగలో బుడగలు పగిలి సన్నటి ఉప్పు తుంపర గాల్లోకి లేస్తుంది. పెద్ద చుక్కలు ఒడ్డునే పడిపోతాయి, సన్నవి గాలితో పాటు లోపలికొస్తాయి. మొదటి రెండు మూడొందల మీటర్లలోనే చాలావరకు రాలిపోతుంది, అందుకే బీచ్ రోడ్డు మీద ఫ్లాట్‌కీ రెండు వీధుల వెనక ఫ్లాట్‌కీ గ్రిల్స్ చూస్తే పదేళ్ళ తేడా కనిపిస్తుంది. ఇంట్లో ఉప్పు డబ్బా వానాకాలంలో చెమ్మగిల్లుతుంది కదా, అందులో నాలుగు బియ్యపు గింజలు వేస్తాం. గాల్లో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తేమని తనే లాక్కుని నీరవుతుంది, అదీ కారణం. వైజాగ్‌లో 75 దాటని రోజులు వెతుక్కోవాలి. అంటే మీ కిటికీ గ్రిల్ మీద, ఏసీ అవుట్‌డోర్ మీద, స్కూటర్ మీద పడ్డ ఉప్పు ఎప్పుడూ ఆరదు, ఇరవై నాలుగ్గంటలూ తడి గుడ్డ కప్పినట్టే. ఇనుము తుప్పు పట్టక ఏం చేస్తుంది. మా ఇంట్లో మొదటి ఏసీ అవుట్‌డోర్ నాలుగో ఏడాదికి రేకు చిల్లులు పడి గ్యాస్ పోయింది, మెకానిక్ వచ్చి చూసి నవ్వి, సార్ మీరు బీచ్ వైపు ఎందుకు పెట్టించారు అన్నాడు. ఇప్పుడు వెనక షాఫ్ట్‌లో పెట్టించి నెలకోసారి మంచినీళ్ళతో కడుగుతున్నా, అంతకంటే గొప్ప చిట్కా ఏ కోటింగ్‌లోనూ లేదు. స్టీల్ రెయిలింగ్ వేయించేవాళ్ళు 304 గ్రేడ్ స్టీల్ అంటే సరిపోదు, 316 గ్రేడ్ అడగండి, రేటు ఎక్కువే గానీ 304కి ఇక్కడ టీ మరకల్లాగా గోధుమ రంగు మచ్చలు తొందరగానే వచ్చేస్తాయి.

అసలు భయపడాల్సింది మాత్రం కనిపించే గ్రిల్ గురించి కాదు, స్లాబు లోపల కనిపించని చువ్వల గురించి. సిమెంట్‌లో ఉండే క్షారం వల్ల లోపలి ఇనుము చుట్టూ ఒక సన్నటి పొర ఏర్పడి తుప్పు రాకుండా కాపాడుతుంది. ఉప్పులోని క్లోరైడ్ మెల్లమెల్లగా కాంక్రీట్ సందుల్లోంచి దిగి ఆ పొరని తినేస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, అసలు ఇనుము కంటే రెండింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ చోటు కావాలి దానికి, లోపలి నుంచి తోసి కాంక్రీట్‌ని పగలగొడుతుంది. మన భాషలో పెచ్చులూడటం. బాల్కనీ కిందా, సన్‌షేడ్ల కిందా, పార్కింగ్‌లో బీముల కిందా మొదలవుతుంది. అందుకే చువ్వకీ బయటి గాలికీ మధ్య కాంక్రీట్ ఎంత మందం ఉందనేదే ఇక్కడ ఇంటి ఆయుష్షు. ఐఎస్ 456 అనే కాంక్రీట్ స్టాండర్డ్ 2000లో మార్చినప్పుడు సముద్ర తీరం లాంటి కఠినమైన చోట్ల కనీసం 45 మిల్లీమీటర్ల కవర్ (ఆ మందాన్నే అలా అంటారు), కనీసం ఎం30 గ్రేడ్ కాంక్రీట్ ఉండాలని పెట్టారు. పాత బిల్డింగుల్లో మేస్త్రీలు ముప్పావంగుళం వదిలితే అదే గొప్ప. కట్టేటప్పుడు కలిపిన నీళ్ళ సంగతి ఇంకోటి, చువ్వలుండే కాంక్రీట్‌కి వాడే నీళ్ళలో క్లోరైడ్ లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు అంటుంది అదే పుస్తకం, ఒడ్డున బోరు నీళ్ళతో కలిపి అవే నీళ్ళతో క్యూరింగ్ చేస్తే బయటి నుంచి ఉప్పు వచ్చేదాకా ఆగక్కర్లేదు, పుట్టుకతోనే జబ్బు.

కాబట్టి ఫ్లాట్ చూడ్డానికొచ్చినప్పుడు మా వాడు చేయాల్సిన మొదటి పని హాల్లోంచి సముద్రం చూడటం కాదు, పార్కింగ్‌లోకి వెళ్ళి తలెత్తి చూడటం. కొత్తగా పెయింట్ వేసి ఉంటే ఇంకా అనుమానంగా చూడాలి.

నీళ్ళ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా. తీరంలో భూమి కింద మంచినీళ్ళు ఉప్పునీళ్ళ మీద తేలుతూ ఉంటాయి, బరువులో తేడా వల్ల. లెక్క ప్రకారం సముద్ర మట్టం కంటే ఒక మీటరు ఎత్తున మంచినీళ్ళు నిలిస్తే దానికింద నలభై మీటర్ల లోతు దాకా మంచినీళ్ళే ఉంటాయి. వినడానికి బాగుంది, తిరగేసి చదవండి, పైన ఒక్క మీటరు తోడేస్తే కింద నుంచి ఉప్పునీళ్ళు నలభై మీటర్లు పైకొచ్చేస్తాయి. ఒకప్పుడు ఇల్లుకి ఒక నుయ్యి ఉన్న చోట ఇప్పుడు ఒక్కో అపార్ట్‌మెంట్‌కి ఒక్కో బోరు, మోటారు ఆగదు. మా బోరు నీళ్ళతో మొక్కలకి పోస్తే ఆకు అంచులు మాడతాయి. తాగడానికీ వంటకీ జీవీఎంసీ, అంటే మన కార్పొరేషన్, నీళ్ళే గతి, అవి రైవాడ నుంచో తాటిపూడి నుంచో ఏలేరు కాలువ నుంచో ఎక్కడెక్కడి నుంచో రావాలి. ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని కుళాయి ఎప్పుడొస్తుందా అని బకెట్ పట్టుకు నిలబడటం చూస్తే మా ఆవిడకి ఇప్పటికీ నవ్వొస్తుంది.

గాలి విషయంలో అందరికీ ఉన్న అపోహ ఒకటి, సముద్రం పక్కనైతే ఏసీ అక్కర్లేదని. పగలు నేల తొందరగా కాగుతుంది, నీళ్ళు కాగవు, నేల మీద గాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రం మీద చల్లగాలి వస్తుంది, పది పదకొండు గంటలకి మొదలై సాయంత్రం దాకా ఉంటుంది, నిజమే, స్వర్గమే. కానీ మే నెలలో కొన్ని రోజులు పడమటి గాలి బలంగా వీచి సముద్రపు గాలిని ఒడ్డు దాటనివ్వదు, అప్పుడు ఇక్కడా నలభై దాటుతుంది, పైగా ఒళ్ళంతా జిడ్డు, చెమట ఆరదు, హైదరాబాద్ నలభై రెండు దీనికంటే నయం అనిపిస్తుంది.

ఆ వచ్చే గాలి కూడా ముందు వరస బిల్డింగ్ ఎంత ఎత్తుందనే దాని మీద ఆధారపడి ఉంటుంది. ఇక్కడికి 1991 నోటిఫికేషన్ కథ వస్తుంది. ఆ ఏడాది ఫిబ్రవరి 19న కేంద్రం కోస్టల్ రెగ్యులేషన్ జోన్ అని ఒకటి తెచ్చింది, అందరూ సీఆర్‌జెడ్ అంటారు. పోటు సమయంలో నీళ్ళు ఎక్కేదాకా ఒక గీత, అక్కడి నుంచి లోపలికి 500 మీటర్లు ఈ జోన్. అందులో మళ్ళీ రకాలు. తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట్లు, మడ అడవులు లాంటివి ఒకటో రకం, ముట్టుకోకూడదు. అప్పటికే ఊరు పెరిగిపోయిన చోట్లు రెండో రకం, మాది అదే. పల్లెలూ ఖాళీ తీరాలూ మూడోది. నాలుగోది అప్పట్లో అండమాన్, లక్షద్వీప్ లాంటి దీవులు, 2011 నుంచి నీళ్ళు. రెండో రకానికి రూల్ చాలా సింపుల్, అప్పటికే ఉన్న రోడ్డుకి గానీ పర్మిషన్ ఉన్న కట్టడానికి గానీ భూమి వైపే కట్టాలి, సముద్రం వైపు కొత్తగా కట్టకూడదు. బీచ్ రోడ్డుకి అవతల ఇంకా ఆకాశం కనిపిస్తుందంటే చాలావరకు ఈ ఒక్క వాక్యం పుణ్యమే. ఎంతమంది ఎన్ని విధాలుగా దీన్ని దాటారో, ఎన్ని కేసులయ్యాయో ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే, మళ్ళీ ఇక్కడ రాయను.

రూల్‌లో ఇంకో ముక్క ఉండేది, స్థలానికి ఎన్ని రెట్లు కట్టుకోవచ్చు అనే లెక్కని 1991 నాటి దగ్గరే ఆపేశారు. 2011లో నోటిఫికేషన్ మార్చినా అది అలాగే ఉంచారు. 2019 జనవరిలో వచ్చిన కొత్త నోటిఫికేషన్‌లో ఆ తాళం తీసేశారు, ఆ నోటిఫికేషన్ వచ్చిన నాటికి ఊళ్ళో మామూలుగా ఏ లెక్క ఉంటే అదే ఇక్కడా. అంటే ఇప్పుడు రెండంతస్తుల పాత ఇల్లు ఉన్న చోట రేపు పెద్ద టవర్ లేవొచ్చు. రెండో వరసలో సీ వ్యూ అని చూపించి అమ్మే ప్రతి ఫ్లాట్‌కీ ఇది వర్తిస్తుంది, ఎదుటి ఇల్లు ముసలాయన పిల్లలు అమెరికాలో ఉంటే ఆ వ్యూ ఎన్నాళ్ళో మీరే ఊహించుకోండి. ఎదురుగా పాత ఇల్లుంటే దాన్ని చూసి మురిసిపోవద్దని మా వాడికి గట్టిగా చెప్పాలి.

హుద్‌హుద్ తుఫాను గురించి చెప్పకుండా వైజాగ్ వాడెవడూ ఏ మాటా ముగించలేడు, నేనూ అంతే, కానీ పొడిగించను. 2014 అక్టోబర్ 12, ఆదివారం. గంటకి 180 కిలోమీటర్ల పైన గాలి. పొద్దుటి నుంచీ ఒక వైపు నుంచి కొట్టి, మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆగిపోయింది, పక్క ఫ్లాట్ కుర్రాడు అయిపోయిందనుకుని మేడెక్కబోతుంటే మా వాచ్‌మన్ చొక్కా పట్టుకు లాగాడు, అది తుఫాను కన్ను, ఆ తర్వాత గాలి రెండో వైపు నుంచి మొదలైంది, ముందుదానికంటే ఘోరం. బీచ్ వైపు అద్దాలన్నీ పోయాయి. మర్నాడు కైలాసగిరి చూస్తే నిప్పంటుకుని కాలినట్టు గోధుమ రంగు, గాలికి ఆకులు రాలడం ఒకటైతే ఉప్పునీళ్ళ జల్లుకి మిగిలినవి మాడిపోవడం ఇంకోటి. మా వీధిలో రోజుల తరబడి కరెంట్ లేదు. అప్పుడు సముద్రం వైపు ఫుల్ గ్లాస్ పెట్టించుకున్నవాళ్ళు తర్వాత మళ్ళీ గ్లాసే పెట్టించుకున్నారు, మనుషులు అంతే.

గెడ్డల మాట కూడా అనాలి. మా వైపు వాగుల్ని గెడ్డలంటాం, కొండల మీద పడ్డ వాన ఊరు మధ్యలోంచి వాటిలో సముద్రానికి పోతుంది. ఊరు పెరిగాక వాటిలో వాన కంటే డ్రైనేజీ ఎక్కువ. సీవేజ్ ప్లాంట్లకి మళ్ళించామంటారు, నిజమే కొంత మళ్ళింది, అయినా పెద్ద వాన మర్నాడు బీచ్‌కి వెళ్తే నీళ్ళ రంగే చెప్తుంది. ఈతకి దిగొద్దని ఎలాగూ చెప్తాను, దీనికోసం కాకపోయినా, మన ఒడ్డు లోతుగా తొందరగా దిగిపోతుంది, రెండు అలల జోరు మధ్యలో నీళ్ళు ప్రశాంతంగా కనిపించే చోటే లోపలికి లాగే ప్రవాహం ఉంటుంది, ఆ ప్రశాంతతని నమ్మి దిగినవాళ్ళే ఎక్కువగా పోతారు. ఎప్పుడైనా చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదకుండా పక్కకి ఈదాలి.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిళ్ళు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వస్తాయి, ఒక్కోటి వంద దాకా గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. ఫారెస్ట్ వాళ్ళు వాటిని ఏరి కంచె వేసిన చోట పాతి, యాభై రోజులకి పిల్లలొస్తే సముద్రంలో వదులుతారు. ఏరకుండా మిగిలిపోయిన గూట్లోంచి వచ్చిన పిల్లలు ఎక్కడ వెలుతురుంటే అటు పాకుతాయి, వాటి లెక్కలో వెలుతురంటే సముద్రం, కానీ ఇప్పుడు వెలుతురంతా మన బాల్కనీల్లో ఉంది. మావాడు సముద్రం వైపు బాల్కనీకి ఎలాంటి లైట్లు పెట్టించాలో ఇప్పటికే చూసి ఉంచాడట.

ఇక పెద్ద జాలరిపేట. మా కాలనీకీ సముద్రానికీ మధ్య ఉన్న పేట అది. బ్రోకర్లు చూపించే ఫోటోల్లో ఉండదు, ఫోటో తీసే యాంగిల్ అలా చూసుకుంటారు. ఫ్లాట్ చూడ్డానికొచ్చినవాళ్ళు ఎండుచేపల వాసనకి ముక్కు మూసుకుంటారు, మాకు ఏ నెలో చెప్పే వాసన అది. నిజానికి మా కాలనీ వాళ్ళు ఈ తీరంలో కాపురం ఉంటున్నారు, తీరంతో పని ఉన్నది పేట వాళ్ళకి. తెప్పలు పోయి ఫైబర్ పడవలొచ్చాయి, మోటార్లొచ్చాయి, కానీ పడవని లాగి పెట్టుకోడానికి ఇప్పటికీ ఇసకే కావాలి, వాళ్ళకి జెట్టీ లేదు. వల ఆరేసేది ఇసక మీదే, చేప ఎండబెట్టేది, వేలం పాడేది ఇసక మీదే. మనకి బీచ్ పది మీటర్లు తగ్గితే వాకింగ్ ట్రాక్ ఇరుకైందని గొణుక్కుంటాం, వాళ్ళకి అదే పడవ పెట్టే చోటు పోవడం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తూర్పు తీరమంతా మోటారు పడవల వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం అని. ఆ రెండు నెలలూ మా వీధిలోకి తట్ట తలమీద పెట్టుకొచ్చే ఆమె రాదు, వస్తే ఎండు నెత్తళ్ళు తెస్తుంది. వంజరం రేటు చూస్తే శాకాహారం మంచిదనిపిస్తుంది. మిగతా రోజుల్లో కూడా అంత తేలిక కాదు, 2022 జనవరిలో రింగు వలల మీద వీళ్ళకీ పక్కనున్న వాసవానిపాలెం, జాలరి ఎండాడ వాళ్ళకీ సముద్రంలోనే గొడవై పడవలు తగలబడ్డాయి, పోలీసులు దిగారు. రింగు వల అంటే చేపల గుంపు మొత్తాన్ని చుట్టేసి కింద నుంచి బిగించేది, పెద్దా చిన్నా అన్నీ వచ్చేస్తాయి, ఒడ్డుకి దగ్గరగా ఎనిమిది కిలోమీటర్ల లోపు వాడకూడదని రూలు. కొనుక్కున్నవాళ్ళేమో అప్పులు చేసి లక్షలు పోశారు, లేనివాళ్ళకేమో వలలో చేప పడట్లేదు. మా మేడ మీంచి పొగ కనిపించింది. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆ రోజు అడిగిన ప్రశ్న బీచ్ రోడ్డు తెరిచారా లేదా అని.

నిన్న పొద్దున ఆ చేపలావిడ వచ్చింది. రెండు కేజీల కవ్వళ్ళు తూకం వేస్తుంటే, మా మేనల్లుడు ఇక్కడ ఇల్లు కొంటానంటున్నాడు ఏమంటావు అని ఊరికే అడిగా.

"కొనమను బాబూ, మీకేటి, మేడల మీదుంటారు" అంది. తట్ట సర్దుకుంటూ, "ఈసారి ఇసకేదీ మరి, మా వోడు పడవట్టుకెళ్ళి అప్పుఘర్ కాడెట్టాడు, ఇక్కడ లాగడానికి జాగా నేదు" అని, చిల్లర వెతుక్కుంది.

డ్రెడ్జర్ ఈ ఏడాది ఇంకా రాలేదనుకుంటా అన్నాను. దానికి ఆవిడ, వొచ్చినా ఆళ్ళు పోసేది అక్కడ హోటళ్ళ కాడ గదా బాబూ, ఇక్కడికి నడిసొచ్చేసరికి ఎన్నాళ్ళవుద్దో అంది.